మంచం పట్టిన పెద్దల ఖర్చు ఏ పద్దులో రాయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చినవే. అడిగిన తీరు వేరైనా అన్నిటి వెనుక ఉన్న ప్రశ్న ఒకటే: ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోలేని స్థితి వచ్చినప్పుడు ప్రభుత్వం ఎంతవరకు ఆదుకుంటుంది, ఆ డబ్బు ఏ దారిలో వస్తుంది? సంక్షేమ శాఖలో ఉద్యోగం చేసి, వృద్ధాశ్రమాలను తనిఖీ చేసిన అనుభవంతో వీటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మగారికి 78 ఏళ్లు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. తిరుపతిలో వైద్యం చేయించి ఇంటికి తీసుకొచ్చాం. నేనూ నా భార్యా ఇద్దరం ప్రైవేటు ఉద్యోగాలు చేస్తున్నాం. చూసుకోవడానికి కుదుర్చుకున్న ఆయాలు మూడు నెలలు నిలవడం లేదు. అమ్మను నర్సింగ్ హోమ్‌లో చేర్చాలనుకుంటున్నాం. వైద్యసేవ కార్డు ఉంది, 70 ఏళ్లు దాటినవారికిచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా ఉంది. వీటి మీద ఆ ఖర్చు ప్రభుత్వం భరిస్తుందా?
– ఒక పాఠకుడు, పాకాల

జవాబు: ఆ రెండు కార్డుల మీదా రాదు. ఎందుకు రాదో తెలుసుకుంటే ఏది వస్తుందో వెతుక్కోవడం సులువవుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రాష్ట్రం ఇచ్చే ఎన్టీఆర్ వైద్యసేవ అయినా, 2024 అక్టోబరులో ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు దాటినవారందరికీ ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తించేలా కేంద్రం మొదలుపెట్టిన వయ వందన అయినా, అవి ఆసుపత్రి చికిత్సకు ఉద్దేశించినవి. జాబితాలో ఉన్న జబ్బుకు, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో, చేరిన రోజు నుంచి డిశ్చార్జి వరకు అయ్యే ఖర్చు ఆ కార్డు కడుతుంది. ఇంటికి వచ్చిన తర్వాత మరో 15 రోజుల మందుల వరకు కేంద్ర పథకం చూసుకుంటుంది. పదహారో రోజు నుంచి మీ అమ్మగారు రోగుల లెక్కలో ఉండరు, వృద్ధుల లెక్కలో ఉంటారు. ఆమెకు కావలసిన ముక్కుగొట్టం, యూరిన్ బ్యాగ్, రెండు గంటలకోసారి పక్కకు తిప్పే మనిషి మాత్రం మొన్నటి మాదిరే కావాలి.

నర్సింగ్ హోమ్ అనే మాటలోనే ఒక చిక్కు ఉంది. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, అపెండిసైటిస్ ఆపరేషన్లు చేసే పది ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి. మన రాష్ట్రంలో వాటి రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి చట్టం ఉంది. ఇతర దేశాల్లో ఆ మాటకు ఉన్న అర్థం వేరు: మంచానికి అంకితమైన పెద్దవాళ్లను నెలలూ ఏళ్లూ ఉంచుకుని చూసే చోటును అక్కడ అలా పిలుస్తారు. మన వాడుకలో ఆ చోటుకు స్థిరమైన పేరు లేదు. వృద్ధాశ్రమం అందామంటే, చాలా వృద్ధాశ్రమాలు తన పనులు తాను చేసుకోగలిగినవారినే చేర్చుకుంటాయి. ఆసుపత్రేమో పెద్దావిడను ఇంటికి తీసుకెళ్లమంటుంది. పేరు లేని దానికి బడ్జెట్‌లో పద్దు దొరకదన్న సంగతి కార్యాలయాల్లో పనిచేసినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

అయినా కాగితం మీద ఒక దారి ఉంది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నడిపే అటల్ వయో అభ్యుదయ యోజనలో మామూలు వృద్ధాశ్రమాలతో పాటు, నిరంతర నర్సింగ్ అవసరమైనవారికి, అల్జీమర్స్, డిమెన్షియా ఉన్నవారికి కనీసం 20 మందితో నడిచే ‘కంటిన్యువస్ కేర్ హోమ్’ అనే విభాగం కూడా ఉంది. మీరు అడుగుతున్న నర్సింగ్ హోమ్ సరిగ్గా ఇదే. కానీ ఆ గ్రాంటు హోమ్ నడిపే సంస్థకు వెళ్తుంది, కుటుంబానికి రాదు. పైగా నిరుపేదలకు ఉచితంగా సేవ చేయడానికి ఇచ్చేది. ఇద్దరు ఉద్యోగస్తులున్న ఇంటి నుంచి వచ్చిన తల్లికి అందులో చోటు అడగడం నియమాల ప్రకారం కష్టం.

మీరు ముందుగా చూడవలసింది పెన్షన్. ఎన్టీఆర్ భరోసా కింద మామూలు వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. అయితే పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇచ్చే విభాగం అదే పథకంలో వేరుగా ఉంది. సచివాలయంలో దరఖాస్తు చేసినప్పుడు వృద్ధాప్య పెన్షన్ అని కాకుండా ఆ విభాగం పేరు చెప్పి అడగండి. దానికి వైద్య ధ్రువీకరణ తప్పనిసరి. 2025 మొదట్లో ఈ 15,000 తీసుకుంటున్నవారి ఇళ్లకే వైద్య బృందాలు వెళ్లి మళ్లీ పరీక్షించాయి కనుక ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు పోగొట్టుకోవద్దు. కుటుంబ ఆదాయ పరిమితి వంటి షరతులు మీకు అడ్డు రావచ్చు, అయినా అడగకుండా వదిలేయవద్దు. మన రాష్ట్రంలో మంచం పట్టిన మనిషి సంరక్షణకు ప్రభుత్వ ఖజానా నుంచి నెలనెలా నేరుగా వచ్చే పెద్ద మొత్తం ఇదేనని నా లెక్క.

ఆ 15,000 ఎంతవరకు సరిపోతాయో కూడా చూద్దాం. వారానికి 168 గంటలు. ఒక ఆయా వారానికి 48 గంటలు పనిచేస్తుందనుకుంటే, ఒక మంచం పక్కన రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాలంటే ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, పండుగలు కలిపితే నలుగురు. మీ ఇంటి ఆయాలు మూడు నెలలకే మానేయడానికి కారణం ఇక్కడే ఉంది: నలుగురు చేయవలసిన పని ఒక్కరితో చేయిస్తున్నాం. ఇక పెద్దల డైపర్లు రోజుకు మూడు చొప్పున నెలకు 90. ఒక్కోటి 35 రూపాయలనుకున్నా 3,150. మందులు, దూది, సబ్బు వేరే. హోమ్‌లో ఒకే ఆయా పక్కపక్కన ఉన్న నలుగురైదుగురిని చూడగలదు కాబట్టి మనిషికి పడే ఖర్చు తగ్గుతుంది. నర్సింగ్ హోమ్ అనే ఏర్పాటుకు ఆర్థికంగా ఉన్న అసలు ప్రయోజనం అదే.

హోమ్ చూడటానికి వెళ్తే గేటు దగ్గరి తోట, దేవుడి గది చూసి రావద్దు. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అడగండి. తర్వాత మంచం మీద ఉన్న ఎవరో ఒకరి మడమలు, నడుము కింద తోకఎముక దగ్గర చర్మం చూపించమనండి. అక్కడ ఎర్రగా కందిన మచ్చ ఉండి, వేలితో నొక్కి తీసినా ఆ ఎరుపు చెదరకపోతే పుండు మొదలైందని అర్థం, అంటే రాత్రిపూట ఎవరూ తిప్పడం లేదని అర్థం. హోమ్ నడిపేవారు దుప్పటి తీయడానికి సంకోచిస్తే ఇంకేమీ అడగకుండా తిరిగి వచ్చేయండి.

ఇంట్లోనే ఉంచుకోవాలని నిర్ణయించుకుంటే ఇంకో రెండు సంగతులు. 2010–11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రకారం మంచం దిగలేని పెద్దల ఇళ్లకు ఆరోగ్య కేంద్రం సిబ్బంది వెళ్లి చూడాలి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అమ్మగారి పేరు ఆ జాబితాలో రాయించండి. అలాగే 2017లో మన నెల్లూరులోనే ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం వంటివి ఉచితంగా ఇస్తారు. పేద కుటుంబాలకు, నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న వృద్ధులకు అది వర్తిస్తుంది.

ప్రశ్న: మేం కొందరం స్నేహితులం కలిసి ట్రస్టు పెట్టి, విరాళాలతో ఇరవై మంది వృద్ధులకు ఆశ్రమం నడుపుతున్నాం. కేంద్ర గ్రాంటు వస్తే మంచం పట్టినవారిని కూడా చేర్చుకోవాలని ఉంది. గ్రాంటు రావాలంటే ఏం చేయాలి? వస్తే చాలుతుందా?
– ఒక ట్రస్టు కార్యదర్శి, శ్రీకాళహస్తి

జవాబు: ఈ గ్రాంటు కొత్తది కాదు. 1992లో వృద్ధుల సమీకృత కార్యక్రమం పేరుతో మొదలైంది. అప్పట్లో ఆమోదించిన ఖర్చులో 90 శాతం కేంద్రం ఇస్తే మిగిలిన 10 శాతం సంస్థ పెట్టుకునేది. 2018లో పేరు మార్చారు, 2020లో పెద్ద ప్రణాళికలో కలిపారు, 2021 ఏప్రిల్ నుంచి అటల్ వయో అభ్యుదయ యోజన అయింది. పేరు మారినప్పుడల్లా ఫారాలు మారతాయి, అందుకే పాత సంస్థల దగ్గర నకలు తెచ్చుకుని దరఖాస్తు చేయవద్దు.

మామూలు ఆశ్రమానికి కనీసం 25 మంది ఉండాలి కనుక మీ ఇరవై మందితో ఆ విభాగంలో అడగలేరు. మంచం పట్టినవారి విభాగానికి 20 మంది చాలు గానీ, ఆ 20 మందీ నిజంగా నిరంతర నర్సింగ్ అవసరమైనవారై ఉండాలి. సంస్థ పేరు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదై ఉండాలి, దరఖాస్తు ఈ–అనుదాన్ పోర్టల్ ద్వారా పంపాలి, రాష్ట్ర ప్రభుత్వం తనిఖీ చేసి సిఫారసు చేయాలి. గ్రాంటు తీసుకున్న తర్వాత లోపల ఉన్నవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

తనిఖీ అన్నాను కాబట్టి ఒక సంగతి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ఆశ్రమానికి వెళ్లాను. ఊరు, పేరు వద్దు. రిజిస్టరులో 25 సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి, అన్నీ ఒకే ఇంకు. హాల్లో లెక్కపెడితే 17 మంది. మిగిలినవారెక్కడ అంటే నిర్వాహకుడు ఏమాత్రం తడబడకుండా “కొండకెళ్లినారు సార్, దర్శనానికి” అన్నాడు. వాళ్లలో ఇద్దరు నడవలేనివారని రిజిస్టరులోనే రాసి ఉంది. స్వామి దయ అంతటిదని నవ్వుకుని, రిపోర్టు మాత్రం ఉన్నదున్నట్టు రాశాను.

రెండో సంగతి దానికి పూర్తిగా తిరగేసింది. నిజాయతీగా నడిచే ఇంకో ఆశ్రమంలో లెక్కలు చూస్తుంటే, వోచర్ల ఫైలు కింద కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఒకటి కనిపించింది. నలిగిన అట్ట, పసుపు మరకలు. జూన్ నుంచి ఫిబ్రవరి వరకు బియ్యం, కందిపప్పు, ఉప్పు, వేరుశెనగ నూనె, సంక్రాంతికి బెల్లం, అన్నీ అప్పు. గ్రాంటు మొదటి వాయిదా వచ్చినట్టు మార్చి పేజీలో ఒకే ఒక్క జమ. మధ్యలో తొమ్మిది నెలలు ఆ కొట్టాయన ఒక్కసారి కూడా సరుకు ఆపలేదు. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వ పథకాన్ని ఆ ఊళ్లో నడిపించింది ఆయనేనని నాకు అనిపించింది. రిపోర్టులో ఆ మాట రాయడానికి మాత్రం గడి లేదు.

మీరు అడిగిన రెండో ప్రశ్నకు ఇదే జవాబు. గ్రాంటు వాయిదాల్లో వస్తుంది, ముందు వాయిదా వినియోగ ధ్రువపత్రం వెళ్లి, తనిఖీ నివేదిక అందాకే తర్వాతిది కదులుతుంది. జీతాలేమో నెలనెలా ఇవ్వాలి. చేతిలో కనీసం ఆరు నెలల ఖర్చుకు సరిపడా సొంత నిధి లేకుండా మంచం పట్టినవారిని చేర్చుకోవద్దని నా సలహా. నడిచే మనిషిని ఇంకో ఆశ్రమానికి పంపగలరు, ముక్కుగొట్టం ఉన్న మనిషిని ఎక్కడికీ పంపలేరు.

ఆ నిధికి వెతకవలసిన చోటు మీకు మరీ దూరం కాదు. కంపెనీల చట్టం 2013లోని ఏడో షెడ్యూలు ప్రకారం వృద్ధాశ్రమాలు, పగటి సంరక్షణ కేంద్రాలు కంపెనీలు తమ లాభాల్లోంచి సమాజ సేవకు ఖర్చుపెట్టే సీఎస్ఆర్ నిధులు పెట్టదగిన పనుల్లో ఉన్నాయి. మీ జిల్లాలోనే శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉంది. కంపెనీలు సాధారణంగా భవనానికో అంబులెన్సుకో ఇస్తామంటాయి, దాని మీద పేరు రాయించుకోవచ్చు కాబట్టి. మీరు మాత్రం మూడేళ్ల పాటు నలుగురు ఆయాల జీతం అడగండి. ఇంకో మాట: ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధర్మసంస్థ 60 ఏళ్లు దాటినవారి దగ్గర తిండి, వసతి, సంరక్షణ అన్నీ కలిపి నెలకు 25,000 రూపాయల వరకు తీసుకుంటే దానికి జీఎస్టీ లేదు, 2018 నుంచి ఆ మినహాయింపు ఉంది. గ్రాంటు వద్దనుకుని, కట్టగలవారి దగ్గర కొంత తీసుకుని, కట్టలేనివారిని ఆ డబ్బుతో చూసే పద్ధతి కూడా ఆలోచించండి. అది నాకు నచ్చిన పద్ధతి.

ప్రశ్న: ప్రతి జిల్లాలో 150 మందికి ప్రభుత్వమే వృద్ధాశ్రమం కట్టాలని 2007 చట్టంలో ఉందని విన్నాను. దాన్ని పట్టుబట్టి అడిగే హక్కు మాకు ఉందా?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ గురించి మీరు విన్నారు. జిల్లాకు కనీసం ఒకటి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు అన్నమాట నిజమే. అయితే అక్కడ వాడిన క్రియ ‘ఏర్పాటు చేయవచ్చు’ అని ఉంది, ‘చేయాలి’ అని లేదు, అదీ దశలవారీగా. మీరు జీవితమంతా వ్యాకరణం చెప్పినవారైతే ఆ ఒక్క క్రియ విలువ మీకు నేను చెప్పనవసరం లేదు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయో రాష్ట్రాల నుంచి సమాచారం తెప్పించమని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చిన పదకొండేళ్లకు ముందు లెక్క చెప్పండని అడగవలసి వచ్చిందన్నమాట.

మీరు చేయగలిగిన మొదటి పని సమాచార హక్కు దరఖాస్తు. విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయానికి రాయండి: 19వ సెక్షన్ కింద జిల్లాలో ఏర్పాటైన ఆశ్రమం ఏది, గత మూడేళ్లలో దానికి విడుదలైన నిధి ఎంత, ఖర్చయింది ఎంత, అందులో మంచం పట్టినవారికి పడకలెన్ని. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు చేతికొచ్చాక సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. ఉట్టి చేతులతో వెళ్తే రసీదు మాత్రం ఇచ్చి పంపుతారు.

నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. 150 మందిని ఒకే చోట పెట్టడం హాస్టల్ లెక్క, సంరక్షణ లెక్క కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41 లక్షల 74 వేలు. రాష్ట్రంలో 60 దాటినవారు 2021 నాటికి 12.4 శాతమని, 2031కి 16.4 శాతం అవుతారని కేంద్ర గణాంక శాఖ ప్రచురణలో ఉన్న అంచనా. పాత జనాభాకే 12.4 శాతం వేసి చూసినా 5 లక్షల పైచిలుకు. ఇంతమందికి 150 పడకల భవనం ఒకటి జిల్లా కేంద్రంలో కడితే కుప్పం ముసలావిడకు ఒరిగేది ఏమీ ఉండదు. ఆమె కూతురు నెలకోసారైనా బస్సెక్కి వచ్చి చూసిపోగల దూరంలో, రెవెన్యూ డివిజన్‌కు ఒకటి చొప్పున 25 పడకలవి అడగండి. చట్టంలోని 150 అన్న అంకెను అలా పంచుకోవడానికి జీవో ఒకటి కావాలి, భవనానికి కావలసినంత సిమెంటు అవసరం లేదు.

అదే చట్టం 20వ సెక్షన్ కూడా చదవండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వీలైనంతవరకు పడకలు, వేరే క్యూ ఉండాలని అందులో ఉంది. దీనికి కొత్త నిధి కూడా పెద్దగా అక్కర్లేదు కాబట్టి అడిగితే త్వరగా జరిగే పని ఇది.

ప్రశ్న: మా అంగడి ముందు ఫుట్‌పాత్ మీద పది రోజులుగా ఒక ముసలావిడ ఉంటోంది. దర్శనానికని తీసుకొచ్చి ఇంట్లోవాళ్లు వదిలేసి పోయారని చెబుతోంది. కాళ్లు వాచి లేవలేకపోతోంది. మేం టీ, ఇడ్లీ ఇస్తున్నాం. ఇలాంటివారిని ప్రభుత్వ ఖర్చుతో ఎవరు తీసుకెళ్తారు?
– ఒక వ్యాపారి, తిరుపతి బస్టాండు దగ్గర

జవాబు: ముందు 108కి ఫోన్ చేసి ఆవిడను రుయా ఆసుపత్రికి పంపండి; వాచిన కాళ్లు ఆశ్రమంలో చూసే జబ్బు కాదు. ఆ తర్వాత ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు 14567కు చేయండి. అది వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వ నిధులతో దేశమంతటా నడిచే ఎల్డర్ లైన్, ఉచితం. వదిలేయబడిన పెద్దలను ఆశ్రమానికి చేర్చే ఏర్పాటు, ఇంట్లోవాళ్లను వెతికే ప్రయత్నం వాళ్ల పనిలో భాగం. ఆశ్రమాలు చేర్చుకునే ముందు సాధారణంగా పోలీసు స్టేషన్ నుంచి ఒక కాగితం అడుగుతాయి కాబట్టి, ఆవిడ చెప్పిన ఊరు, ఇంటిపేరు, కొడుకు పేరు ఏదైనా గుర్తున్నంతవరకు ఇప్పుడే రాసి పెట్టండి. జ్వరం వస్తే రేపు చెప్పలేకపోవచ్చు.

నగరపాలక సంస్థల షెల్టర్ల గురించి కూడా మీరు విని ఉంటారు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రోజంతా తెరిచి ఉండే నిరాశ్రయుల వసతి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది, జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద వాటికి నిధులు ఇచ్చారు. అవి రాత్రి పడుకుని పగలు పనికి పోయేవారికి పనికొస్తాయి. లేవలేని మనిషికి స్నానం చేయించే చేతులు అక్కడ ఉండవు. ఎవరైనా ‘షెల్టర్‌లో దింపేస్తాం’ అంటే ఈ ఒక్క సంగతి అడగండి.

తీసుకొచ్చి వదిలేసినవారి సంగతి: 2007 చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఇది మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడగల నేరం. గోవిందనామం చెప్పించుకుంటూ తీసుకొచ్చి క్యూ దగ్గర చేయి వదిలేసినవారికి 5,000 జరిమానా ఎంత భయం పెడుతుందో నాకైతే అనుమానమే.

ప్రశ్న: మా అబ్బాయి జపాన్‌లో ఉంటాడు. అక్కడ ముసలివాళ్ల సంరక్షణకు ఇన్సూరెన్సు ఉందట. మన దగ్గర అలాంటిది పెడితే కుదరదా?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: జపాన్‌లో 2000 సంవత్సరం నుంచి దీర్ఘకాల సంరక్షణ బీమా ఉంది. 40 ఏళ్లు నిండిన ప్రతివారూ ప్రీమియం కట్టాలి. మొత్తం ఖర్చులో సగం ప్రీమియంల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. పెద్దయ్యాక ఎంత సాయం అవసరమో పరీక్షించి స్థాయి నిర్ణయిస్తారు, సేవ తీసుకున్నవారు సాధారణంగా పదో వంతు చెల్లిస్తారు. జర్మనీ అంతకన్నా ముందే 1995లో ఇటువంటిది మొదలుపెట్టింది. అక్కడ ఇంకో వెసులుబాటు ఉంది: హోమ్‌కో ఆయాకో బీమా డబ్బు కట్టించుకోవచ్చు, లేదా ఇంట్లోవాళ్లే చూసుకుంటే నగదుగా తీసుకోవచ్చు. ఒక విధంగా మన 15,000 రూపాయల పెన్షన్ ఆ నగదుకు దగ్గరి చుట్టమే. తేడా ఏమిటంటే, ఆ డబ్బు పట్టుకుని వెళ్లి కొనుక్కోవడానికి వాళ్లకు సేవ దొరుకుతుంది, మనకు శిక్షణ ఉన్న ఆయా దొరకదు.

మన దేశంలో నెలజీతం తీసుకునేవారు తక్కువ కాబట్టి ప్రీమియం వసూలు చేయడం కష్టం, ఆ దారి ఇప్పట్లో కుదరదని నా అభిప్రాయం. అంతదూరం పోకుండా కేరళ వైపు చూడవచ్చు. ఆ రాష్ట్రం 2008లో నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్‌కు ఒక విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను మంచం పట్టినవారి ఇళ్లకు పంపే ఏర్పాటు పెంచుకుంటూ వచ్చింది. నర్సు వచ్చి పుండు కడుగుతుంది, మూత్రపు గొట్టం (కాథెటర్) మారుస్తుంది, కోడలికి ఎలా తిప్పాలో చూపిస్తుంది. మన సచివాలయ వ్యవస్థ ప్రతి ఊళ్లో ఉంది, ఒకటో తారీఖున పెన్షన్ పట్టుకుని మంచం దాకా వెళ్తున్నారు కూడా. అదే గడప లోపలికి పదిహేను రోజులకోసారి ఒక నర్సు వెళ్లడానికి అయ్యే ఖర్చు, కొత్త భవనం ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. మీ అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు అక్కడి హోమ్‌లో రాత్రిపూట ఎంతమందికి ఒక ఆయా ఉంటుందో అడిగి నాకు రాయండి. ఆ అంకె నాకు భవనాల ఫొటోల కన్నా ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: మా నాయనను తిరుపతిలో ఒక ఆశ్రమంలో చేర్చినాము. ఆయన పింఛను పలమనేరు సచివాలయంలో ఉంది. ఆగిపోతుందా? ఆశ్రమంవాళ్లు ఆ పింఛను తమకిమ్మంటున్నారు, ఇవ్వవచ్చునా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: ఆశ్రమంలో ఉన్నంత మాత్రాన పెన్షన్ రద్దు కాదు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే తాత్కాలికంగా నిలిపేస్తారు కాబట్టి, ఆశ్రమం ఉన్న వార్డు సచివాలయానికి బదిలీ చేయమని పలమనేరులోనే దరఖాస్తు ఇవ్వండి. వేలిముద్రలు అరిగి పడకపోతే ముఖ గుర్తింపుతో ఇవ్వమని అడగండి.

ఆశ్రమంవాళ్లకు ఇవ్వవచ్చునా అన్నది వాళ్లు గ్రాంటు తీసుకుంటున్నారా లేదా అన్నదాని మీద ఉంటుంది. ప్రభుత్వ గ్రాంటు తీసుకునే ఆశ్రమం మీ నాన్నగారి దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. గ్రాంటు లేని ఆశ్రమమైతే తిండీ వసతికి ఇంత అని మాట్లాడుకుని, రసీదు తీసుకుని ఇవ్వవచ్చు. ఎలాగైనా డబ్బు ముందు ఆయన చేతిలో పడాలి, అందులో రెండు మూడు వందలైనా ఆయన దగ్గర ఉండాలి. నేను తనిఖీకి వెళ్లినప్పుడల్లా దిండు కింద చిన్న గుడ్డ సంచీ ఉన్నవారూ లేనివారూ ఎవరో కనిపెట్టడానికి ఎక్కువసేపు పట్టేది కాదు. ఉన్నవారు ఆయాను పేరు పెట్టి పిలిచి, టీకి పంపేవారు.